మన్ను మరువని మందు

భూమికి ధరణి యని పేరు. ధరించునది గావున ధరణి. విత్తును, నీటిని, ఎరువును తనలో నిలుపుకొని, అదను వచ్చినప్పుడు పైరునకు అందించును గనుకనే రైతు దానిని తల్లి యని కొలుచుచున్నాడు. ఆ నిలుపుకొను గుణము విషము పట్లను అట్లే పనిచేయునని మానవుడు మిక్కిలి ఆలస్యముగా గ్రహించెను. కరిబియన్ సముద్రములోని రెండు చిన్న దీవులవారు ఈ పాఠమును ఎంత మూల్యము చెల్లించి నేర్చుకొనిరో తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

మన్ను ఎరువును పట్టి ఉంచునను సంగతి 19వ శతాబ్ది నడుమ శాస్త్రమునకెక్కినది. ఇంగ్లండులో యార్కుషైరు భూస్వామి యగు థాంప్సన్ అమోనియా లవణము కలిపిన నీటిని మట్టిగుండా వడియనిచ్చి చూచెను. క్రిందికి దిగిన నీటిలో అమోనియా చాలవరకు కానరాలేదు. దానికి మారుగా సున్నపు లవణము దిగెను. జాన్ థామస్ వే అను రసాయన శాస్త్రజ్ఞుడు ఈ పరీక్షలను విస్తరించి 1850లో ప్రకటించెను. ఇట్లు పట్టి ఉంచు పని మట్టిలో రెండు పదార్థములది. ఒకటి బంకమన్ను. దాని రేణువులు అతి సూక్ష్మములు. గుప్పెడు మట్టిలోని రేణువుల పైతలములన్నియు పరచినచో ఒక పొలమంత కాగలవు. రెండవది ఆకులలములు చివికి ఏర్పడు నల్లని జీవపదార్థము. నీటిలో కరుగక కొవ్వునకు అంటుకొను స్వభావము గల రసాయనములను ముఖ్యముగా ఇదియే పట్టుకొనును. నేల ఎంత సారవంతమో దాని పట్టు సాధారణముగా అంత గట్టిది.

ఇక ఆ దీవుల కథ. మార్టినిక్, గ్వాడెలూప్ అనునవి ఫ్రాన్సు దేశపు భాగములు. అక్కడి ప్రజలలో పెక్కురు ఆఫ్రికానుండి బానిసలుగా తేబడినవారి సంతతి. ఆ దీవులలో అగ్నిపర్వతములు కలవు. మార్టినిక్‌లోని పెలీ పర్వతము 1902లో బ్రద్దలై సెయింట్ పియెర్ నగరమును భస్మము చేసెను. అట్టి పర్వతముల బూడిద యుగములుగా పేరుకొనగా ఏర్పడిన నల్లని నేలలలో అరటి ఏపుగా పెరుగును. ఆ అరటికి పట్టిన పీడ ముక్కుపురుగు. దాని పిల్ల దుంపను తొలిచివేయగా, చిన్న గాలికే చెట్టు ఒరిగిపోవును.

ఈ పురుగును చంపుటకు క్లోర్‌డెకోన్ అను మందును 1972లో అనుమతించిరి. ఒక్కొక్క చెట్టు మొదట 30 గ్రాముల పొడి చల్లుట వాడుక. అందు అసలు విషము నూటికి 5 పాళ్లు మాత్రమే. కాని ఆ విషపు అణువు పది కర్బన పరమాణువులు పంజరమువలె అల్లుకొని, వాటిచుట్టు పది క్లోరిన్ పరమాణువులు బిగిసిన నిర్మాణము. ఎండ, వాన, నేలలోని సూక్ష్మజీవులు దానిని సులభముగా విడదీయజాలవు. ఏటేట చల్లినది ఏటేట మిగిలెను.

హెచ్చరికలు లేకపోలేదు. 1974 ఫిబ్రవరిలో మార్టినిక్ అరటితోటల కూలీలు సమ్మె కట్టిరి. కూలి పెంపుతోపాటు విషపు మందుల వాడకమును మాన్పవలెననుటయు వారి కోరికలలో ఒకటి. షాల్వే అనుచోట పోలీసు కాల్పులలో ఒక కూలి మరణించెను. మరుసటి ఏడు అమెరికాలో వర్జీనియా రాష్ట్రమందలి హోప్‌వెల్ పట్టణమున, ఇదే మందు తయారుచేయు కర్మాగారపు కార్మికులకు చేతులు వణకుచున్న సంగతి బయటపడెను. కర్మాగారము మూతపడెను. దాని వ్యర్థములు కలిసిన జేమ్స్ నదిలో చేపలు పట్టరాదని 1975 డిసెంబరులో విధించిన నిషేధము పండ్రెండేండ్లకు పైగా నడిచెను. అచట విషమును పట్టి ఉంచినది నది అడుగున ఉన్న మన్నే.

ఇంత జరిగియు, 1979, 1980 సంవత్సరముల పెనుగాలుల పిమ్మట పురుగు పెచ్చుపెరిగినదని, 1981లో ఆ దీవులలో ఇదే మందునకు మరల అనుమతి దొరకెను. ఫ్రాన్సు 1990లో దానిని నిషేధించియు, అరటితోటలకు 1993 వరకు గడువిచ్చెను.

మందు ఆగెను, విషము ఆగలేదు. 1999 ప్రాంతమున త్రాగునీటి ఊటలలో అది బయటపడెను. నీటిని శుద్ధి చేయుటకు బొగ్గుగుండా వడపోయవలసి వచ్చెను. మట్టి విషమును పట్టిన తీరుననే బొగ్గును దానిని పట్టును! నేలలను పరీక్షింపగా, అగ్నిపర్వతపు బూడిద నేలలలో విషము అత్యధికముగా తేలెను. ఆ మట్టిలోని బంకపదార్థము చిక్కుల సాలెగూడువంటిది. అందు చొచ్చిన విషము తేలికగా వెలికి రాదు. అట్టి నేలలు శుద్ధి యగుటకు ఐదు మొదలు ఏడు శతాబ్దముల వరకు పట్టవచ్చునని 2009లో ఒక అంచనా వెలువడెను. తరువాతి పరిశోధనలు కొన్ని ఈ కాలమును తగ్గించి చూపినవి.

ఇందు రెండు వింతలు కలవు. ఆ బూడిద నేలలే తమలోని విషములో తక్కువ పాలును పైరునకు విడుచును. పట్టు సడలిన ఇతర నేలలు, తమయందు విషము తక్కువైనను, ఎక్కువ పాలు విడిచిపెట్టును. రెండవ వింత మరింత బాధాకరము. ఎవరి తోటలకై ఈ మందు వాడిరో ఆ అరటిపండులో విషము దాదాపు చేరదు. మట్టిలో ఊరు చేమ, పెండలము, చిలగడదుంపలలో చేరును. అరటిపండు ఓడలెక్కి పరదేశమునకు పోవును. దుంపలు దీవివాసుల కడుపు నింపును. లాభము ఒకచోట, విషము ఒకచోట మిగిలినవి. పెద్దలలో నూటికి తొంబదిమందికి పైగా రక్తములో ఈ మందు కానవచ్చెను. రాజ్యమునకును ఇందు బాధ్యత కలదని ఫ్రాన్సు అధ్యక్షుడు 2018లో ఒప్పుకొనెను. కాని ఇంతకాలము గడచిన తరువాత నేరమును రుజువు చేయుట కష్టమని న్యాయాధికారులు 2023 జనవరిలో విచారణను ముగించిరి.

విషము కంటికి కానరాదు, వాసన లేదు. ఏ పొలమును పరీక్షింపవలెనో తెలియుటకు అధికారులు ఆశ్రయించినది పాత పటములను. ఏ యేట ఏ చేల అరటి వేసిరో తెలిపిన లెక్కలవలననే ప్రమాదము గల పొలములను గుర్తింపగలిగిరి. 2003 నుండి దుంపపంట వేయుటకు ముందు మట్టిని పరీక్షింపవలెనని విధించిరి.

ఈ కథ మనకు పరాయిది కాదు. మన దేశమున వ్యవసాయమునకు డి.డి.టి. వాడుట 1989లో నిషిద్ధమయ్యెను. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపివేసెను. నల్లరేగడిలో బంకమన్ను మెండు. చెరువు పూడికమట్టిని చేలకు తోలుకొనుట మన పెద్దల ఆచారము. ఆ మట్టి సారముతోపాటు పైచేలనుండి కొట్టుకొనివచ్చినదానిని కూడ మోసికొనివచ్చును. ఏ చేనికి ఏ యేట ఏ మందు ఎంత చల్లితిమో మనలో వ్రాసి ఉంచినవారెందరు?

ఇరువదియైదేండ్లుగా ఊరికి చదువు పంచుచున్న ఈ గ్రంథాలయమున పుస్తకములు పెక్కు కలవు. వాని సరసను ఊరి పొలముల లెక్కకు ఒక పుస్తకము తెరిచి, రైతులు ఏటేట తమ చేల వేసిన మందులను అందు వ్రాయుదురు గాక. మన్ను మరువదు, మనము మరతుము. మన మనుమలు ఆ పొలములలో దుంప నాటబోవునాడు వారికి ఆ పుస్తకము అక్కరకు వచ్చును.