నల్లగొండ బావులు – ఒక జిల్లా మంచినీటి చరిత్ర

ఉద్యోగ జీవితంలో మనమంతా ఎన్నో ఫైళ్ళు చూశాము. కొన్ని నెలలో ముగిసేవి, కొన్ని మనం రిటైరయ్యే వరకు ముగియలేదు. మా నల్లగొండ జిల్లాలో అలా తరాలపాటు నడిచినది మంచినీళ్ళ ఫైలు. ఈ సంగతి మన మనుమలకు కూడా తెలియవలెనని ప్రత్యేక సంచికకు పంపుతున్నాను.

మా నేల అడుగున ఉన్నది గ్రానైటు రాయి. ఆ రాతిలోని ఫ్లోరైడు కొద్దికొద్దిగా నీటిలో కరుగుతుంది. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము వరకు ఉంటే ఇబ్బంది లేదు. ఒకటిన్నర దాటితే హాని. ముందుగా పిల్లల పళ్ళు గారపడతాయి. ఏళ్ళ తరబడి త్రాగితే నడుము వంగదు, మెడ తిరగదు, కాళ్ళు వంకరపోతాయి. ఈ నీటికి రంగు లేదు, వాసన లేదు. చూడటానికి తేటగా ఉంటుంది. అందుకే ఊరివారు దానిని చాలాకాలం దైవశాపమనో, వంశపు జబ్బనో అనుకున్నారు.

తెలుగునాట ఈ వ్యాధి గుట్టు మొదట బయటపడినది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. డాక్టర్ షార్ట్, ఆయన సహచరులు దానిపై పరిశోధనా వ్యాసం ప్రకటించారు. ఆనాటి నెల్లూరు ఉత్తరపు తాలూకాలు కొన్ని తరువాత ప్రకాశం జిల్లాలో చేరాయి. నల్లగొండ రోగులను గురించి డాక్టర్ ఎ.హెచ్. సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరంగా వ్రాశారు. అదే సంవత్సరం డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. జబ్బూ దాని మందూ ఒకే ఏట మా జిల్లా పేరు మీద నమోదయినట్లే! కాని రెండూ కలుసుకోవడానికి అర్ధశతాబ్దం పట్టింది.

నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. 1967లో కాలువలకు నీళ్ళు వదిలినప్పుడు ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాలు పచ్చబడ్డాయి. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి వైపు నేల ఎత్తు. అక్కడికి నీరు ఎక్కలేదు. ఆ ఊళ్ళకు బావులు, వాటి తరువాత బోరింగులే దిక్కయినవి. కరువు వచ్చినప్పుడల్లా బోరు మరింత లోతుకు దింపారు. చాలాచోట్ల లోతు పెరిగినకొద్దీ ఫ్లోరైడూ పెరిగింది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు మా జిల్లాలో పడుచువాళ్ళ మోకాళ్ళు లోపలికి వంగిపోవడాన్ని గమనించి లాన్సెట్ పత్రికలో ప్రకటించారు.

నాగపూరులోని నీరి సంస్థవారు ఆ దశాబ్దంలోనే ఒక ఉపాయం కనిపెట్టారు. నీటిలో సున్నం, బ్లీచింగ్ పౌడరు, పటిక తగుపాళ్ళలో కలిపి, నెమ్మదిగా త్రిప్పి, తేరనిచ్చి, వడగట్టడం. దానికి 'నల్లగొండ పద్ధతి' అని పేరు పెట్టారు. ఆఫ్రికా దేశాలలో కూడా దానిని వాడారు. పద్ధతి మంచిదే. కాని పటిక మోతాదు నీటిని బట్టి మారుతుంది. అడుగున దిగిన మడ్డిని ఎక్కడ పారవేయాలన్నది మరో చిక్కు. రోజూ శ్రద్ధగా చూసే మనిషి, క్రమం తప్పని నిధులు కావాలి. పల్లెలో ఆ రెండూ దొరకడం ఎంత కష్టమో ఆఫీసులలో పనిచేసిన మనకు వేరే చెప్పనవసరం లేదు.

అర్జీలు పెట్టి పెట్టి విసిగిన జనం 1996 లోక్‌సభ ఎన్నికలలో కొత్త దారి త్రొక్కారు. నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. పోలింగు వాయిదా పడింది. ఆ ఏడే చట్టం సవరించి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టును 500 రూపాయల నుండి 10,000కు పెంచారు. నీళ్ళకంటే ముందు సవరణ వచ్చిందని అప్పట్లో నవ్వుకున్నాము. అయితే దేశమంతా నల్లగొండ నీళ్ళ గురించి మాట్లాడినది మాత్రం ఆ ఎన్నికతోనే.

తరువాత సాగర్ నుండి కృష్ణా నీటిని ఎత్తిపోసే పథకం వచ్చింది. మా జిల్లాలోని అక్కంపల్లి జలాశయం నుండి 2004లో హైదరాబాదుకు సైతం కృష్ణా నీరు చేరింది. అప్పటికి ఆ దారి పక్క పల్లెలు అనేకం బోరింగు నీళ్ళే త్రాగుతున్నాయి. 2016లో మిషన్ భగీరథ ప్రారంభమై నది నీరు ఇంటింటి నల్లాకు వచ్చింది. కేంద్ర ప్రభుత్వ లెక్కలలో 2020 నాటికి తెలంగాణలో ఫ్లోరైడు బాధిత ఆవాసాలు లేవు.

ఇది సంతోషించవలసిన సంగతే. కాని లెక్క ముగిసింది నల్లాది, రాతిది కాదు. బావి అడుగున ఫ్లోరైడు అలాగే ఉన్నది. పైపు పగిలి నాలుగు రోజులు నీరు ఆగితే జనం మళ్ళీ బోరు దగ్గరికే పోతారు. వంగిన ఎముకలను తిరిగి నిటారుగా చేసే మందు లేదు. కనుక ఆ తరంవారి పింఛను, వైద్యం ప్రభుత్వం మరువరాదు.

మన సభ్యులకు ఒక మనవి. ఇంటి బోరు నీటిని ఒకసారి పరీక్ష చేయించండి. కాచితే ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై మిగిలినదానిలో ఇంకా చిక్కబడుతుంది. పసిపిల్లలకు ఏ నీరు పడుతున్నారో కోడళ్ళను, కూతుళ్ళను అడిగి తెలుసుకోండి. పెద్దవాళ్ళుగా మనం ఇంటికి చేయగల సేవ ఇది.