డెబ్బై రూపాయల కేబుల్

2012 అక్టోబరు 31 అర్ధరాత్రికల్లా ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలలో అనలాగ్ కేబుల్ ఆగిపోవాలి. అంతకుముందు ఏడాది చివర పార్లమెంటు చేసిన చట్టానికి అది మొదటి విడత గడువు. ఢిల్లీ, ముంబై దాదాపు దారికొచ్చాయి. కోల్‌కతాలో మమతా బెనర్జీ ప్రభుత్వం అడ్డం తిరిగింది, గొడవ కొన్నాళ్లు సాగింది. చెన్నై వ్యవహారం మాత్రం ఏళ్ల తరబడి తేలలేదు. ఎందుకో తెలియాలంటే ఒక కుటుంబ తగాదా దగ్గరికి వెళ్లాలి.

2007 మేలో మారన్ సోదరుల పత్రిక 'దినకరన్' కరుణానిధి రాజకీయ వారసుడు ఎవరంటూ ఒక సర్వే వేసింది. అందులో అళగిరి బాగా వెనకబడ్డాడు. మదురైలో పత్రిక ఆఫీసు తగలబడింది, ముగ్గురు చనిపోయారు. దయానిధి మారన్ కేంద్రమంత్రి పదవి పోయింది. అప్పటికి తమిళనాడు కేబుల్ వ్యాపారంలో పెద్ద చెయ్యి మారన్ల సుమంగళి కేబుల్ విజన్‌ది. దానికి పోటీగా కరుణానిధి ప్రభుత్వం ఆ ఏడాదే 'అరసు కేబుల్' కార్పొరేషన్ పెట్టింది. అరసు అంటే ప్రభుత్వం. 2008 డిసెంబరులో తాతామనవలు రాజీపడ్డారు, అరసు మూలనపడింది.

2011లో గెలిచిన జయలలిత దాని దుమ్ము దులిపారు. నెలకు 70 రూపాయలకే కేబుల్. పాత ప్రభుత్వం ఉచితంగా పంచిన కలర్ టీవీలకు కొత్త ప్రభుత్వం చౌక తీగ తగిలించిందన్నమాట!

అసలు పేచీ లెక్కల్లో ఉంది. అనలాగ్‌లో ఒక తీగ ఎన్ని ఇళ్లకు చీలిందో వీధి ఆపరేటర్‌కి తప్ప ఎవరికీ సరిగ్గా తెలీదు. పైవాళ్లకు అతను చెప్పిందే లెక్క. సెట్‌టాప్ బాక్సు వచ్చాక ప్రతి ఇల్లూ కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. ఏ చానెల్ ఎవరికి వెళ్లాలో, ఎవరికి ఆపాలో అక్కడే తేలుతుంది. ఆ కంప్యూటర్ ఒక ముఖ్యమంత్రి చేతిలో ఉండొచ్చా?

ప్రభుత్వాలు ఈ వ్యాపారంలోకి రాకూడదని ట్రాయ్ సిఫార్సు చేసింది. అందులో న్యాయం లేకపోలేదు. గిట్టని చానెల్ గొంతు నొక్కడానికి అంతకంటే సులువైన దారి ఉండదు. కానీ 2012 జులైలో అరసు పెట్టుకున్న డిజిటల్ లైసెన్సు దరఖాస్తుకు కేంద్రం ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. అప్పటి యూపీయేలో డీఎంకే భాగస్వామి, కాబట్టి జయలలిత వర్గానికి ఈ జాప్యం రాజకీయంగానే కనిపించింది. అయితే 2014లో మోదీ ప్రభుత్వం వచ్చాక కూడా ఫైలు మరో మూడేళ్లు అక్కడే ఉంది. ఢిల్లీకి ఉత్తరాలు, మద్రాసు హైకోర్టులో కేసులు నడుస్తూనే ఉన్నాయి. 70 రూపాయలకు అన్నీ కనిపిస్తుంటే బాక్సు కోసం కొట్లాడాల్సిన అవసరం చూసేవాళ్లకేముంది! నష్టం చానెళ్లది, పన్ను లెక్కలది. వాటికి ఓట్లు లేవు.

చివరికి 2017 ఏప్రిల్‌లో లైసెన్సు వచ్చింది. దేశంలో నాలుగో విడత, అంటే పల్లెటూళ్ల గడువు, అంతకుముందు నెలాఖరుకే ముగిసింది. జయలలిత చనిపోయి నాలుగు నెలలైంది. ఆ ఏడాదే పళనిస్వామి ప్రభుత్వం బాక్సులు ఉచితంగా పంచడం మొదలుపెట్టింది. డిసెంబరులో ఇటు ఆంధ్రప్రదేశ్‌లో చంద్రబాబు ప్రభుత్వం టీవీ, ఫోను, ఇంటర్నెట్ కలిపి నెలకు 149 రూపాయలంటూ ఫైబర్‌నెట్‌ను రాష్ట్రపతి చేత ప్రారంభింపజేసింది.