దేవదంపతుల తెప్పవిహారము

ఏటేట తై పూసము నాడు మధుర మీనాక్షీ సుందరేశ్వరులు వండియూరు తెప్పకుళమున విహరింతురు. ఆ కొలనును 1645లో త్రవ్వించినవాడు మన తిరుమల నాయకుడు. పూసమనగా పుష్యమి, అదియే ఆ ప్రభువు జన్మనక్షత్రమని ప్రతీతి.

తెప్పకు తెరచాప లేదు, తెడ్లు లేవు. గట్టునందలి భక్తులు మోకులు పట్టి నడిమి మండపము చుట్టును దానిని లాగుదురు. వైగై నీరు చాలని ఏండ్లలో తెప్ప కదలక నిలిచినది. అప్పుడును ఉత్సవము మానలేదు.

మధుర, కోయంబత్తూరు సీమలలో స్థిరపడిన మేము తరతరములుగా ఇంట తెలుగే పలుకుచున్నాము. కాని మా పిల్లలలో పెక్కండ్రకు లిపి రాదు. ఈ కొలను చరిత్రను తెలుగున చదువగలవారిని ఇంటికొక్కరినైనను తీర్చిదిద్దుకొందము. మోకు పట్టువారున్నంత కాలము తెప్ప సాగును.