కృత్రిమం: మాట పుట్టుక, అర్థాలు

కృత్రిమం: ప్రకృతిలో తనంతట తాను కలగక, పూనుకొని చేసినందువల్ల ఏర్పడినదాన్ని తెలిపే తత్సమ పదం. కపటం, బూటకం అనే అర్థాలు కూడా దీనికి ఉన్నాయి. పుట్టుకను బట్టి మొదటి అర్థమే అసలుది, రెండోది తర్వాత వచ్చి చేరింది. ‘కృత్రిమమైన నవ్వు’ అన్నప్పుడు వినిపించే నింద ‘కృత్రిమ కాలు’ అన్నప్పుడు వినిపించకపోవడానికి కారణం ఇదే.

చేయడం అనే అర్థమున్న ‘కృ’ ధాతువు దీనికి మూలం. పాణిని ధాతుపాఠంలో కొన్ని ధాతువులకు ‘డు’ అనే గుర్తు ఉంటుంది. అలాంటి ధాతువులకు ‘క్త్రి’ అనే ప్రత్యయాన్ని అష్టాధ్యాయి 3.3.88 సూత్రం విధిస్తుంది, దానిమీద ‘మ’ తప్పక చేరాలని 4.4.20 సూత్రం చెబుతుంది. అలా వండగా అయినది పక్త్రిమం, విత్తగా అయినది ఉప్త్రిమం, చేయగా అయినది కృత్రిమం. అన్నం, పైరు, పనితనం ఒకే వరసలో నిలిచాయి. ఈ నిర్మాణంలో మోసానికి చోటెక్కడా లేదు.

వేద ప్రయోగాలూ ఇదే చెబుతాయి. ఋగ్వేదం రెండో మండలంలో ఇంద్రుడు తొలగించిన వలుడి అడ్డుకట్టలు కృత్రిమాలు. అథర్వవేదం 14వ కాండలోని పెళ్ళి మంత్రాల్లో వధువు తల దువ్వే నూరు పళ్ళ దువ్వెనకు ఇదే విశేషణం. ఎవరో ఓపికగా చెక్కిన దువ్వెన అది. ఋగ్వేదం ఏడో మండలంలోని జలసూక్తం తవ్వగా వచ్చిన నీళ్ళను ‘ఖనిత్రిమ’ అని, వాటంతట అవి పుట్టిన నీళ్ళను వేరుగా పేర్కొని, రెండింటినీ దేవతలుగానే పిలుస్తుంది.

శాస్త్రాల్లో ఈ మాట కచ్చితమైన పారిభాషిక పదమైంది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో మిత్రులు మూడు రకాలు: భూమిని బట్టి ఏర్పడినవాడు, తల్లిదండ్రుల వైపు బంధుత్వంతో సహజంగా మిత్రుడైనవాడు, ధనం కోసమో ప్రాణం కోసమో ఆశ్రయించిన కృత్రిమ మిత్రుడు. ఇక్కడ కృత్రిమ మిత్రుడంటే దొంగ స్నేహితుడు కాడు, అవసరం కలిపిన స్నేహితుడు. మనుస్మృతి చెప్పిన పన్నెండు రకాల పుత్రుల్లో కృత్రిమ పుత్రుడొకడు. మిథిలలో ఈ రకం దత్తత ఆచారంగా చాలాకాలం నిలిచింది. మన తెలుగువాళ్ళు ఇలాంటిచోట పెంపుడు కొడుకు అంటారు. వ్యాకరణంలో మరీ విశేషం: ఒక మాటకు లోకంలో ఒక అర్థం, శాస్త్రం కల్పించిన అర్థం మరొకటి ఉంటే, ఆ కృత్రిమార్థాన్నే తీసుకోవాలని పరిభాష. నైయాయికులు మాత్రం దీని జంటపదమైన ‘కృతకం’తో ఇంకో వాదం నిలబెట్టారు: శబ్దం నిత్యం కాదు, ఎందుకంటే అది కుండలాగే కృతకం. చేసినది నశిస్తుంది అన్నారే తప్ప, చేసినది అబద్ధం అనలేదు.

మరి నింద ఎలా అంటుకుంది? చేయడాన్ని తెలిపే మాటలు మాయవైపు, మోసంవైపు జారడం చాలా భాషల్లో కనిపిస్తుంది. కృ ధాతువు నుంచే వచ్చిన ‘కృత్య’కు వేదకాలం నుంచీ క్షుద్రప్రయోగం అనే అర్థముంది. మన చేతబడిలోనూ ‘చేత’ వినిపిస్తూనే ఉంది. లాటిన్‌లో ‘చేసినది’ అని చెప్పే ఫాక్తీకియుస్ పోర్చుగీసులోకి వచ్చేసరికి ఫెయితిసో అయి, మంత్రం, తాయెత్తు అనే అర్థాలు తెచ్చుకుంది. ఇంగ్లీషు ఫెటిష్ దాని సంతానమే. కట్టుకథ, అల్లిక, కల్పన అనే మన మాటలూ పనితనాన్ని చెబుతూనే అబద్ధాన్ని సూచిస్తాయి. అయితే అదే కృ ధాతువు కృతి, ఆకృతి, సంస్కృతి అనే గౌరవ పదాలనూ ఇచ్చింది. త్యాగరాజ కృతికీ కృత్రిమానికీ వేరు ఒక్కటే.

ఈ జారుడు నేటి మాటల్లోనూ కనిపిస్తుంది. హిందీలో చాయ్ బనానా, ఘర్ బనానా అంటే టీ కాయడం, ఇల్లు కట్టడం. ఆ బనానాయే తెలుగులోకి వచ్చి ‘బనాయించు’ అయింది. తెలుగు పత్రికల్లో మాత్రం బనాయించేది తప్పుడు కేసులనే. నకలు, నకిలీ కూడా ఇలాంటి జంటే. రెండూ అరబ్బీ ‘నక్ల్’ నుంచి వచ్చినవి. తహసీల్దారు కార్యాలయం ఇచ్చే నకలుకు విలువుంది, నకిలీకి శిక్ష ఉంది. హిందీవాళ్ళు ‘నక్లీ దాంత్’ అనేదాన్ని తెలుగువాళ్ళు ‘కట్టుడు పళ్ళు’ అంటారు. తెలుగు పద్ధతే మేలైనదని చెప్పాలి, అమర్చిన చెయ్యి ఆ మాటలో కనిపిస్తుంది. పెట్టుడు మీసాలు, మరమనిషి కూడా ఆ కోవలోవే. నగల దగ్గర మాత్రం మనవాళ్ళు ఊరి పేరునే వాడారు: మచిలీపట్నం పక్కనున్న చిలకలపూడిలో తయారయ్యే పూత నగలు ‘చిలకలపూడి బంగారం’గా పేరుపడ్డాయి.

ఇరవయ్యో శతాబ్దపు విజ్ఞానశాస్త్రం కృత్రిమాన్ని మళ్ళీ మొదటి అర్థంవైపు తిప్పింది. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ కక్ష్యలోకి వెళ్ళింది, 1975 ఏప్రిల్ 19న ఆర్యభట వెళ్ళింది. ‘కృత్రిమ ఉపగ్రహం’ అందరి నోటా నలిగింది. 1968లో శిల్పి రామచంద్ర శర్మ, వైద్యుడు పి.కె. సేఠీ రూపుదిద్దిన జైపూర్ కాలు నేలమీద కూర్చునే, చెప్పుల్లేకుండా నడిచే మనుషుల కోసం పుట్టింది. ఆ కాలును నకిలీ అనడానికి ఎవరికీ నోరు రాదు. కృత్రిమ శ్వాస, కృత్రిమ గర్భధారణ, కృత్రిమ పట్టు వాడుకలోకి వచ్చాయి. పాత నింద మాత్రం బజారులో ‘కృత్రిమ కొరత’గా మిగిలింది.

1955లో జాన్ మెకార్తీ, ఆయన సహచరులు రాసిన ప్రతిపాదనలో కనిపించి, మరుసటి ఏడాది డార్ట్‌మత్ సమావేశంతో స్థిరపడిన ఇంగ్లీషు పేరుకు తెలుగులో కృత్రిమ మేధస్సు, కృత్రిమ మేధ అనే రూపాలు వచ్చాయి. పత్రికలకు పొట్టిదైన రెండోది బాగా నచ్చింది. 2023లో ఓలా వ్యవస్థాపకుడు భవీశ్ అగర్వాల్ ఈ రంగంలో పెట్టిన సంస్థకు ‘కృత్రిమ్’ అనే పేరే పెట్టాడు.