ఇల్లు చేరని కెప్టెన్



యుద్ధం అనగానే మన కళ్ళకు కట్టేది రణరంగం. తుపాకులు, జెండాలు, జయజయధ్వానాలు. కాని తుపాకి చేజారిపోయాక, శత్రువు చెరలో, ముళ్ళకంచె వెనకాల జరిగే యుద్ధం ఇంకొకటుంది. దాన్ని చూసి చప్పట్లు కొట్టేవాళ్ళుండరు. అలాంటి యుద్ధంలో మన హైదరాబాదు బిడ్డ ఒకడు ప్రాణాలిచ్చాడు. అతని పేరు కెప్టెన్ మతీన్ అహ్మద్ అన్సారీ. మనలో చాలామంది ఈ పేరు వినికూడా ఉండరు. ఈ పూట అతన్ని గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

అన్సారీ 1916లో హైదరాబాదులో పుట్టాడు. సైన్యంలో చేరి ఏడవ రాజపుత్ర రెజిమెంటులో ఆఫీసరయ్యాడు. 1941 నాటికి ఆ రెజిమెంటుకు చెందిన అయిదవ బెటాలియన్ హాంకాంగులో ఉన్నది. ఆ ఏడు డిసెంబరు 8న జపాను సేనలు హాంకాంగు మీద విరుచుకుపడ్డాయి. 18వ తేదీ రాత్రి ద్వీపం ఈశాన్య తీరాన వాళ్ళు దిగినప్పుడు ఆ దెబ్బ కాచుకున్నది మన రాజపుత్ర బెటాలియనే. పద్ధెనిమిది రోజుల పోరు తర్వాత, సరిగ్గా క్రిస్మస్ పండుగనాడు హాంకాంగు లొంగిపోయింది. బ్రిటిష్, కెనడా, భారతీయ సైనికులు వేలమంది బందీలయ్యారు. వారిలో అన్సారీ ఒకడు.

యుద్ధఖైదీలను మనుషులుగా చూడాలని 1929లో జెనీవాలో పలు దేశాలు కూడి ఒక ఒడంబడిక చేసుకున్నాయి. జపాను దానిమీద సంతకమైతే చేసింది కాని, తర్వాత ధ్రువపరచలేదు. ఆ లోటు ఎంత ఘోరమైనదో హాంకాంగు శిబిరాల్లో ఉన్నవాళ్ళకు తెలిసివచ్చింది.

మొదట్లో అన్సారీని బాగానే చూశారు. అతను ఒక పెద్ద సంస్థానాధీశునికి దగ్గరి బంధువని తెలియగానే బేరం మొదలైంది. బ్రిటిష్ వాళ్ళ పక్షం వదులుకో, బందీలైన భారతీయ సైనికుల్లో అసంతృప్తి రగిలించు అన్నారు. అతను ససేమిరా అన్నాడు. 1942 మే నెలలో స్టాన్లీ జైల్లో పడేశారు. తిండి పెట్టక మాడ్చారు, కొట్టారు. తిరిగి శిబిరానికి పంపితే అక్కడా అదే మాట మీద నిలబడ్డాడు. మళ్ళీ జైలుకు ఈడ్చుకుపోయి అయిదు నెలలు చిత్రహింస పెట్టారు. అయినా మారలేదు. పైగా శిబిరానికి వచ్చాక తోటి ఖైదీలు తప్పించుకుపోయే ఏర్పాట్లలో సాయపడ్డాడు. చివరికి మరణశిక్ష వేశారు. 1943 అక్టోబరులో ముప్పైమందికి పైగా బ్రిటిష్, చైనా, భారతీయ ఖైదీలతోపాటు అతని తల నరికారు. అప్పటికి అతని వయసు 27 ఏళ్ళు.

ఇక్కడ మన మనసులో ఒక ముల్లు గుచ్చుకుంటుంది. అవతల దేశమంతా 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో రగిలిపోతున్నది. నాయకులు జైళ్ళలో ఉన్నారు. మరి ఇతను తెల్లవాళ్ళ కోసం ప్రాణమివ్వడమేమిటి? అన్సారీ చనిపోయిన ఆ అక్టోబరులోనే, 21వ తేదీన నేతాజీ సింగపూరులో ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించారు. ఆ నేతాజీ వెంట జర్మనీనుంచి జలాంతర్గామిలో ప్రాణాలకు తెగించి వచ్చినవాడు ఆబిద్ హసన్. ఆయనా హైదరాబాదు వాడే! ‘జై హింద్’ అనే పలకరింపు ఆయన చలవేనంటారు. ఆయన స్వతంత్ర భారతాన్ని కళ్ళారా చూసి, రాయబారిగా దానికి సేవ చేశారు. ఒకే ఊరి బిడ్డలు. ఒకరు చెప్పుకోదగ్గ పేరైతే, ఒకరు మరుగునపడ్డ పేరు.

ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయరాదని మన పెద్దలంటారు. అన్సారీది అంతమాత్రమే అనుకుంటే పొరపాటు. ఆజాద్ హింద్ ఫౌజులో ఇష్టపడి చేరినవాళ్ళ త్యాగం వేరు. కొరడా పట్టుకుని, కడుపు మాడ్చి ‘ఔననిపించుకుందాం’ అని చూసేవాళ్ళ ముందు తల వంచడం వేరు. పారిపోయే ఏర్పాట్లలో ఎవరెవరున్నారో తెలిసిన మనిషి నోరు విప్పితే ఎన్ని ఇళ్ళ దీపాలు ఆరిపోతాయి? అతను కాపాడినది ఒక రాజుగారి జెండా ఒక్కటే కాదు, పక్క చాపమీద పడుకునే తోటివాణ్ణి కూడా.

1946లో అన్సారీకి జార్జి క్రాసు పతకం ప్రకటించారు. యుద్ధరంగంలో శత్రువుకు ఎదురుగా కాక వేరే చోట చూపిన సాహసానికి బ్రిటిష్ ప్రభుత్వమిచ్చే అన్నిటికన్నా పెద్ద గౌరవమది. మరుసటేడు ఆ ప్రభుత్వమే మన దేశంనుంచి వెళ్ళిపోయింది. పతకమిచ్చినవాళ్ళు సముద్రాలు దాటిపోయారు. స్వరాజ్యం వచ్చిన సంబరంలో మనవాళ్ళకు ఈ కథ ఇబ్బందిగా తోచి ఉంటుంది. అలా రెండు చోట్లా కాకుండా పోయాడు. అతని సమాధి మాత్రం హాంకాంగులో, స్టాన్లీ సైనిక శ్మశానవాటికలో, ఈనాటికీ ఉన్నది.

చరిత్ర పుస్తకం చేతపట్టుకుని పిల్లలు మన దగ్గరికి వచ్చినప్పుడు ఆబిద్ హసన్ కథ చెబుదాం. దానితోపాటు మతీన్ అన్సారీ కథా చెబుదాం. ‘ఇద్దరిలో ఎవరు గొప్పమ్మా?’ అని తప్పకుండా అడుగుతారు. తక్కెడ పట్టుకుని తూచకండి. ఇద్దరికీ భయపెట్టేవాళ్ళు ఎదురయ్యారు, ఇద్దరూ భయపడలేదు, ఒకరు ఇల్లు చేరారు, ఒకరు చేరలేదు అని చెప్పండి. మిగతాది వాళ్ళే ఆలోచించుకుంటారు.