వాన దైవాధీనం, చెరువు ఊరి అధీనం

హోసూరు, కృష్ణగిరి సీమల వ్యవసాయ చరిత్రను పరిశీలిస్తే, తమ చేతిలో లేని వానను ఉన్నదున్నట్టుగా ఒప్పుకొని, చేతిలో ఉన్న చెరువు, విత్తనం, గింజ నిల్వల మీద శ్రద్ధంతా పెట్టిన రైతులు కనిపిస్తారు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న హోసూరు పీఠభూమిని ఒకప్పుడు బాలాఘాట్, అంటే కనుమలకు పై సీమ అనీ, దిగువన ఉన్న కృష్ణగిరి ప్రాంతాన్ని బారామహల్ అనీ పిలిచేవారు. తెలుగు, తమిళం, కన్నడం కలిసి వినిపించే ఈ నేలమీద కురిసే వాన నైరుతి, ఈశాన్య ఋతుపవనాలుగా రెండు విడతల్లో వస్తుంది గనుక, మొదటిది మొహం చాటేస్తే రెండోదానికోసం ఎదురుచూడటం ఇక్కడివారికి తరతరాల అలవాటు.

పడిన వానను నిలుపుకోవడం మాత్రం ఊరి పని. చెరువుకు కట్ట, నీరు వదిలే తూము, నిండితే అదనపు నీరు పొర్లిపోయే మరవ ఉండేవి. ఏ మడికి ఎప్పుడు ఎంత నీరు పారించాలో చూసే నీరుగంటికి పంటలో కొంత మేరగా ముట్టేది. ఎండాకాలంలో పూడిక తీయడానికీ, కట్టకు పడిన గండ్లు పూడ్చడానికీ ఆయకట్టు రైతులందరూ కలిసి చేసే చాకిరీని కుడిమరామత్తు అనేవారు. మద్రాసు ప్రభుత్వం 1858లో చేసిన చట్టం ఈ ఆచారానికి శాసనబలం చేకూర్చింది.

చెరువు కింద లేని మెట్టచేలలో ఈ జాగ్రత్త మరింత నిశితంగా కనిపిస్తుంది. రాగి సాళ్ల నడుమ కొన్ని వరుసలకొకసారి అనుములు, ఆముదాలు, ఆవాలు, వెర్రినువ్వులు వేసేవారు. ముందు వాన తప్పి రాగి దెబ్బతిన్నా, చివరి చినుకులకూ మంచుకూ అనుము కాసి ఇంటికి కూర, పశువులకు మేత ఇచ్చేది. వాన కార్తె దాటి వస్తే చేను ఎద పెట్టడం మాని నారు నాటేవారు, అదీ కుదరకపోతే తక్కువ తేమకు పండే ఉలవలు చల్లేవారు. పురుగు తొందరగా పట్టని రాగులను, గట్టినేలలో తవ్వి లోపల గడ్డి పరిచిన పాతరలో పోసి, మూతిని బండతో మూసి మట్టి కప్పితే, అవి ఏళ్ల తరబడి చెడకుండా ఉండి కరువునాడు సంకటిగా అక్కరకు వచ్చేవి.

1792లో శ్రీరంగపట్నం సంధితో బారామహల్ టిప్పు సుల్తాన్ నుంచి ఈస్టిండియా కంపెనీకి దక్కగా, 1799 దాకా అక్కడ పనిచేసిన అలెగ్జాండర్ రీడ్, అతని సహాయకుడు థామస్ మన్రో రైతువారీ పద్ధతికి, అంటే మధ్యవర్తులు లేకుండా సర్కారు నేరుగా రైతు నుంచే శిస్తు వసూలు చేసే పద్ధతికి పునాది వేశారు. దానితో రైతు చేతిలో లేనివాటి జాబితాలో వానతోపాటు నగదు శిస్తు కూడా చేరింది.

చెరువులు, పాతరల రూపంలోని రైతుల ముందుచూపు ఎంతవరకు కాపాడగలదో 1876-78 నాటి మహాకరువు తేల్చిచెప్పింది. అప్పట్లో హోసూరు, కృష్ణగిరి భాగంగా ఉన్న సేలం జిల్లాలో 1871లో సుమారు 20 లక్షలున్న జనాభా 1881 నాటికి 16 లక్షలకు పడిపోయింది. పాతరలు ఖాళీ అయ్యాక ఒక్కో కుటుంబం చేయగలిగింది ఏమీ మిగలలేదు. ధాన్యం ఎగుమతులను ఆపడం పాలకుల చేతిలో ఉన్నా వారు ఆపలేదు. వాన లేకపోవడం విధి అనుకోవచ్చు గానీ, ఆ మరణాలన్నిటినీ విధి ఖాతాలో వేయడం న్యాయం కాదు.

స్వాతంత్ర్యం తరువాత 1957లో దక్షిణ పినాకిని మీద కృష్ణగిరి ఆనకట్ట పూర్తయి, ఒక్క ఊరికి సాధ్యం కానిది ప్రభుత్వానికి సాధ్యమని నిరూపించింది. నందికొండల్లో పుట్టే ఆ నదిలోకే నేడు బెంగళూరు మురుగు చేరి, హోసూరు దగ్గరి కెలవరపల్లి జలాశయం వద్ద తెల్లటి నురగ కడుతోంది. ఇది ఆకాశం పంపిన ఆపద కాదు, మనుషులు చేసినది. మరోవైపు, 2017లో తమిళనాడు ప్రభుత్వం పాత కుడిమరామత్తు పేరుతోనే చెరువుల మరమ్మతు పథకాన్ని చేపట్టింది.

ఈ సీమ రైతులు వానను ఒప్పుకున్నారు గానీ పూడికను ఒప్పుకోలేదు. ఒంటరి రైతుకు అసాధ్యమైనది ఊరికీ, ఊరికి అసాధ్యమైనది ప్రభుత్వానికీ సాధ్యం కావచ్చు గనుక, ఏదైనా మన చేతిలో లేదని తీర్మానించేముందు అది ఎవరి చేతిలో ఉందో అడిగి తీరాలి.