డేటాబేస్ సర్వర్ పనితీరు: అంబత్తూరు రాత్రి ఉద్యోగాల వెనుక ఉన్న విద్య

"సర్వర్ డౌన్" అన్న మాట సరిహద్దు పల్లెల్లో తెలియని ఇల్లు లేదు. రేషన్ దుకాణంలో వేలిముద్ర యంత్రం ముందు, అడంగల్ నకలు కోసం వెళ్లిన మీసేవ కేంద్రంలో ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది. అయితే ఆ మాట అన్న ప్రతిసారీ సర్వర్ ఆగిపోయి ఉండదు. కొన్నిసార్లు దారిలోని తంతి తెగి ఉండవచ్చు. కొన్నిసార్లు మాత్రం ఎక్కడో ఒక డేటాబేస్ సర్వర్ పని చేస్తూనే ఉండి, వచ్చిన ప్రశ్నలకు సకాలంలో బదులు చెప్పలేక సతమతమవుతూ ఉంటుంది. ఆ జాప్యానికి కారణం వెదికి సరిచేయడం ఒక ప్రత్యేక వృత్తి. నగరి, పుత్తూరు ప్రాంతాల నుంచి తిరుత్తణి, అరక్కోణం మీదుగా రైలెక్కి అంబత్తూరులో దిగే యువతీయువకులలో కొందరి జీవనోపాధి ఇదే. ఇంట్లో మాత్రం దానిని "కంప్యూటరు పని" అని ఒక్క మాటతో సరిపెట్టుకుంటారు.

అంబత్తూరు మొదటి నుంచి కార్ఖానాల ఊరు. 1949లో అక్కడ టీఐ సైకిళ్ల కర్మాగారం వెలసింది. 1964లో రాష్ట్ర ప్రభుత్వం పారిశ్రామికవాడను నెలకొల్పింది. 2011లో ఊరు చెన్నై నగరపాలక సంస్థలో కలిసింది. లేతు యంత్రాల షెడ్ల పక్కనే సాఫ్ట్‌వేర్ భవనాలు లేచాయి; హెచ్‌సీఎల్ వంటి సంస్థలు అక్కడి నుంచే విదేశీ ఖాతాదారుల సర్వర్లను పర్యవేక్షిస్తూ వచ్చాయి. ఇటీవల డేటా కేంద్రాలు కూడా చేరాయి. ఎన్‌టీటీ సంస్థ 2023లో, 2007లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైన కంట్రోల్‌ఎస్ సంస్థ 2024లో అక్కడ తమ ప్రాంగణాలను ప్రారంభించాయి. ఇక్కడ ఒక భేదం గుర్తించాలి. డేటా కేంద్రమంటే విద్యుత్తు, శీతలీకరణ, కాపలా ఉన్న భవనం. అందులో పనిచేసేవారు కొద్దిమందే. సర్వర్ లోపల ఏం జరుగుతున్నదో చూసే డేటాబేస్ నిర్వాహకుడు సాధారణంగా మరో భవనంలో, ఒక్కోసారి మరో ఖండంలో కూర్చుని ఉంటాడు.

రిలేషనల్ డేటాబేస్ అంటే సమాచారాన్ని వరుసలు, నిలువు గడులు గల పట్టికలుగా దాచే ఏర్పాటు. ఐబీఎం పరిశోధకుడు ఎడ్గార్ కాడ్ 1970లో ఈ సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ అన్నీ ఆ వంశానివే. దీని విశేషం ఏమంటే, అడిగేవారు "ఏమి కావాలి" అన్నది మాత్రమే ఎస్‌క్యూఎల్ భాషలో చెబుతారు. "ఎలా తేవాలి" అన్నది సర్వర్ తానే నిర్ణయించుకుంటుంది. ఈ నిర్ణయం చేసే భాగాన్ని ఆప్టిమైజర్ అంటారు. ఏ దారిలో ఎంత ఖర్చో అంచనా కట్టి చవకైన దారిని ఎంచుకునే పద్ధతిని ఐబీఎంలోనే పాట్రిషియా సెలింజర్ బృందం 1979లో వివరించింది. సర్వర్ నెమ్మదించడమంటే చాలామట్టుకు ఈ అంచనా తప్పడమే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మామిడి గుజ్జు కర్మాగారంలో తూకం చీటీలన్నీ ఒక పట్టికలో ఉన్నాయనుకుందాం. కొన్నేళ్లలో వరుసలు కోటికి చేరాయి. ఒక్కో వరుస 200 బైట్లు అయితే మొత్తం 2 గిగాబైట్లు. సర్వర్ దీనిని 8 కిలోబైట్ల పుటలుగా దాచుకుంటే సుమారు 2.5 లక్షల పుటలు అవుతాయి. ఒక రైతు చీటీ కావాలని అడిగితే, సూచిక లేని పట్టికలో సర్వర్ ఆ పుటలన్నీ తిరగేయాలి. సెకనుకు 200 మెగాబైట్లు చదివే డిస్కుకు ఇది 10 సెకన్ల పని. అదే రైతు సంఖ్య మీద ఇండెక్స్ ఉంటే, నాలుగైదు పుటలు చూసి సెకనులో ఇరవయ్యో వంతులో చీటీ అందిస్తుంది. జూన్ నెలలో ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు, యాభై మంది ఒకేసారి అడిగినప్పుడు ఈ తేడా నిమిషాలుగా మారుతుంది.

అలాగని ప్రతి గడికీ ఇండెక్స్ కట్టడం తెలివైన పని కాదు. కొత్త చీటీ రాసిన ప్రతిసారీ సర్వర్ ఆ ఇండెక్సులన్నింటినీ సవరించాలి. పైగా ఇండెక్స్ ఉండి కూడా పనికిరాని సందర్భాలున్నాయి. తెలుగువారికి ఇంటిపేరు ముందు, తమిళనాట పొడి అక్షరం ముందు రాస్తారు. ఇండెక్స్ నిఘంటువు వంటిది. మొదటి అక్షరాల వరుసలో ఉంటుంది. "చివర రెడ్డి అని ఉన్నవారందరినీ చూపు" అంటే దానికి దారి తెలియదు, పట్టిక మొత్తం తిరగేస్తుంది. సరిహద్దులో ఒకే మనిషి పేరు రెండు రాష్ట్రాల కాగితాల్లో రెండు రకాలుగా ఉండడం ఎంత చికాకో డేటాబేస్ నిర్వాహకుడికి కూడా తెలుసు.

ఆప్టిమైజర్ అంచనాలకు ఆధారం గణాంకాలు: పట్టికలో ఎన్ని వరుసలు, ఏ విలువ ఎన్నిసార్లు ఉన్నది అన్న లెక్కలు. సీజన్‌కు ముందు తీసిన లెక్కలతో సీజన్ మధ్యలో నిర్ణయాలు చేస్తే దారి తప్పుతుంది. పోస్ట్‌గ్రెస్ సహజంగా పట్టికలో దాదాపు 10 శాతం మార్పు వచ్చాక లెక్కలు కొత్తగా తీసుకుంటుంది. చిన్న పట్టికకు అది చాలు. కోటి వరుసల పట్టికకు 10 లక్షల మార్పుల దాకా వేచి ఉండడం ఆలస్యమే కనుక నిర్వాహకులు ఆ హద్దును తగ్గిస్తారు.

తర్వాతిది జ్ఞాపకశక్తి. డిస్కుతో పోల్చితే మెమరీ వేల రెట్లు వేగవంతం. అందుకే తరచూ వాడే పుటలను సర్వర్ మెమరీలో ఉంచుకుంటుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఈ బఫర్ పూల్ మొదట 128 మెగాబైట్లే ఉంటుంది. ఆ యంత్రం డేటాబేస్‌కే కేటాయించినదైతే మెమరీలో 80 శాతం వరకు ఇవ్వవచ్చునన్నది వాడుక. పోస్ట్‌గ్రెస్‌కు నాలుగో వంతుతో మొదలుపెట్టమంటారు. "99 శాతం పుటలు మెమరీలోనే దొరుకుతున్నాయి" అన్న అంకెను చూసి కొత్తవారు మురిసిపోతారు. అది మోసపు అంకె. చెడ్డగా రాసిన ప్రశ్న ఒకే పుటలను మెమరీలో లక్షసార్లు చదివినా ఆ శాతం ఘనంగానే కనిపిస్తుంది.

తాళాల సంగతి పల్లెవారికి సులభంగా బోధపడుతుంది. చెరువు తూము కింద ఒకరి వంతులో మరొకరు నీరు కట్టుకోరు. వంతు తీసుకున్నవాడు మడవ మూయకుండా ఇంటికి వెళ్లి పడుకుంటే కింది పొలాలన్నీ ఎండుతాయి; చెరువులో నీరు మాత్రం నిండుగానే ఉంటుంది. డేటాబేస్‌లో ఒక లావాదేవీ ఒక వరుసకు తాళం వేసి ముగించకుండా వదిలేస్తే ఇదే జరుగుతుంది. ప్రాసెసర్ ఖాళీ, డిస్కు ఖాళీ, అయినా ఎవరి పనీ కదలదు. ఇటువంటప్పుడు మరింత పెద్ద సర్వర్ కొనడం వల్ల ప్రయోజనం శూన్యం. కనెక్షన్ల సంఖ్య పెంచినా అంతే. మైఎస్‌క్యూఎల్ సహజంగా 151, పోస్ట్‌గ్రెస్ 100 కనెక్షన్లు అనుమతిస్తాయి. వాటిని వేలకు పెంచితే తోపులాట పెరుగుతుంది గాని వేగం పెరగదు.

కాబట్టి పర్యవేక్షణలో మొదటి ప్రశ్న "సర్వర్ దేనికోసం ఎదురుచూస్తున్నది?" అన్నదే. ఒరాకిల్ 2003 నాటి 10జీ నుంచి ఏడబ్ల్యూఆర్ నివేదికలతో, మైక్రోసాఫ్ట్ 2005 నుంచి అంతర్గత వీక్షణలతో, మైఎస్‌క్యూఎల్ మందకొడి ప్రశ్నల చిట్టాతో దీనికి జవాబిస్తాయి. ఆ చిట్టా సహజంగా 10 సెకన్లు దాటిన ప్రశ్నలనే రాసుకుంటుంది. అర సెకను పట్టే ప్రశ్న రోజుకు పది లక్షలసార్లు వస్తే అసలు దొంగ అదే కదా! అందుకే అనుభవజ్ఞులు ఆ హద్దును ఒక సెకనుకో అంతకన్నా తక్కువకో దించుతారు. సర్వర్ బాగున్న రోజుల అంకెలు ముందే దాచుకోవడం, ఒక్కసారికి ఒక్క మార్పే చేసి ఫలితం కొలవడం మిగిలిన నియమాలు.

ఈ పని రాత్రివేళ ఎందుకు? న్యూయార్క్ మనకన్నా తొమ్మిదిన్నర లేదా పదిన్నర గంటలు వెనుక. అక్కడి పగలు అంబత్తూరు రాత్రి. పెద్ద మార్పులు వినియోగదారులు తక్కువగా ఉండే శని, ఆదివారాల్లోనే చేస్తారు. సంక్రాంతికి కొడుకు రాలేదని, వచ్చినా ఫోను చేత పట్టుకునే భోజనానికి కూర్చున్నాడని నొచ్చుకునే తల్లిదండ్రులకు కారణం ఇదే. సంక్రాంతి ఇక్కడి పండుగ. సర్వర్ యజమానికి అది మామూలు పనిదినం.

ఉద్యోగాల స్వరూపం కూడా మారుతున్నది. 1998 నాటి ఎస్‌క్యూఎల్ సర్వర్ 7.0లోనే ఇండెక్సులు సూచించే సాధనం వచ్చింది. 2009లో అమెజాన్ అద్దె డేటాబేస్ సేవలు మొదలుపెట్టింది. 2018లో ఒరాకిల్ తనంతట తాను సర్దుకునే డేటాబేస్‌ను విడుదల చేసింది. బ్యాకప్ తీయడం, డిస్కు నిండకుండా చూడడం వంటి దినచర్యకు మనిషి అవసరం తగ్గింది. ప్రశ్న ఎందుకు దారి తప్పిందో చదవగల మనిషి అవసరం ఇంకా ఉన్నది. అమీర్‌పేటలోనో చెన్నైలోనో శిక్షణకు అప్పు చేసి రుసుము కట్టే ముందు ఈ తేడాను తూచుకోవాలి. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ సామాజిక కూర్పు రెండూ ఉచితంగా లభిస్తాయి. ఇంట్లోని మామూలు కంప్యూటరులోనే నడుస్తాయి. పది లక్షల వరుసల పట్టిక ఒకటి సృష్టించి, "ఎక్స్‌ప్లెయిన్" ఆదేశంతో సర్వర్ ఎంచుకున్న దారిని ఇండెక్స్ కట్టక ముందు ఒకసారి, కట్టిన తర్వాత ఒకసారి చూసుకుంటే ఈ విద్యలో తొలి పాఠం పైసా ఖర్చు లేకుండా పూర్తవుతుంది.